దమయంతి ఆపేసిన పాత వైఫై

అమెరికాలోని నోవై ఊళ్లో దమయంతి ఇంట్లో భోజనం చేయని తెలుగు స్టూడెంట్ లేడంటే అతిశయోక్తి కాదు. పెట్టే చెయ్యే, కాదనం. కాకపోతే ఆ పెట్టిన సంగతి నలుగురూ చెప్పుకోవాలి. ఆవిడ యూనివర్సిటీలో నెట్‌వర్క్ ఇంజనీరు. క్యాంపస్‌లో పాతకాలపు వైఫై ప్రోటోకాల్‌ని పూర్తిగా ఆపేసే పని ఈ ఏడు ఆవిడ నెత్తిన పడింది. హ్యాకర్లు సులువుగా దూరే పద్ధతి అది, పోవాల్సిందే. కానీ కొన్ని పాత పరికరాలకి అది తప్ప దిక్కులేదు. అలాంటివి ఉన్నవాళ్లు టికెట్, అంటే ఆన్‌లైన్‌లో అర్జీ, పెడితే కొన్నాళ్లు మినహాయింపు ఇస్తారు.

బయాలజీ ల్యాబ్‌లో మాస్టర్స్ చేస్తున్న అవినాష్ దగ్గర అలాంటిదొకటి ఉంది. అతని థీసిస్ శాంపిల్స్ అన్నీ ఉన్న ఫ్రీజర్‌కి తలుపు రబ్బరు అరిగిపోయింది. చల్లదనం తగ్గినప్పుడల్లా దానికున్న పాత సెన్సర్ ఆ పాత వైఫై మీదే అతని ఫోన్‌కి అలారం పంపేది. పరిగెత్తుకెళ్లి తలుపు సర్దేవాడు.

దమయంతి ఇంట్లో పార్టీకి బేస్‌మెంట్‌లో కుర్చీలు వేస్తూ భయంభయంగా అడిగాడు. "అక్కా, టికెట్ పెడితే ప్రొఫెసర్‌కి కాపీ వెళ్తుంది. సెన్సర్ మార్చమని ఆయన ఎప్పుడో చెప్పాడు, నేనే లేట్ చేశా."

"టికెట్ ఎందుకురా, నేను లేనూ?" అంది దమయంతి, పక్కవాళ్లందరికీ వినబడేలా.

ఆపేసే శుక్రవారం ఆ మాట గుర్తురాకేం, వచ్చింది. కానీ ఒక్క మినహాయింపు కూడా లేకుండా పని ముగిస్తున్నానని మేనేజర్ రాకేష్ దగ్గర అప్పటికే గొప్పలు పోయింది. టికెట్ లేకుండా ఒకటి వదిలితే ఎవరిదని అడుగుతాడు. ప్రమోషన్ ముందు లేనిపోని తద్దినం ఎందుకు? ఆపేసి, ఎవరు అరుస్తారో చూసి, అప్పుడు ఆన్ చేయడం ఆ ఉద్యోగంలో మామూలే. అరిస్తే చూద్దాంలే అనుకుంది. అయ్యో తల్లీ, అరవాల్సిన అలారమే ఆ దారిన పోవాలి కదా! పోనీ అవినాష్‌కి ఒక్క మెసేజ్ పెట్టొచ్చుగా. పెట్టలేదు.

శనివారం ఫ్రీజర్ తలుపు జారింది. సోమవారానికి శాంపిల్స్ నీళ్లయ్యాయి.

ప్రొఫెసర్ అవినాష్‌ని వెంటబెట్టుకుని నెట్‌వర్క్ ఆఫీస్‌కే వచ్చాడు. "మా ల్యాబ్ నుంచి ఎవరైనా మినహాయింపు అడిగారా?"

"టికెట్ ఏమీ రాలేదు," అంది దమయంతి, స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా.

"నువ్వు ఎవరికైనా చెప్పావా?" అని ఆయన అవినాష్‌ని అడిగాడు.

అవినాష్ ఆవిడ వైపు చూశాడు. ఆవిడే చెప్తుందనుకున్నాడు ఆ వెర్రిబాగులవాడు. "లేదు సార్. మర్చిపోయాను."

ప్రొఫెసర్ అతన్ని అక్కడికక్కడే ల్యాబ్‌లోంచి తీసేశాడు. ల్యాబ్ పనికి జీతమిచ్చే అసిస్టెంట్‌షిప్ లేకపోతే ఫీజు కట్టలేడు, చదువు ఆగితే వీసా ఉండదు. ఆ సంగతి ఆ గదిలో అవినాష్ తర్వాత దమయంతికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మధ్యాహ్నం ఆవిడ పార్కింగ్‌కి వస్తే మంచులో నిలబడి ఉన్నాడు, కళ్లు ఎర్రగా చేసుకుని.

"అక్కా, మీ పేరు ఎత్తలేదు," అన్నాడు. "ఇంకో ల్యాబ్‌లో ఎవరికైనా ఒక్క మాట చెప్తారా?"

దమయంతికి గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు. అటూ ఇటూ చూసి కారు తలుపు తీసింది.

"మంచి పని చేశావు నాన్నా," అంది. "ఇక్కడ నా కోసం ఇలా వెయిట్ చేయకు. ఎవరైనా చూస్తే నాకు ప్రాబ్లం."