ఎనిమిదో వాంగ్మూలం

స్వరూప ఫోన్లో రెండువేల మూడువందల పైచిలుకు పేర్లున్నాయి. అందులో చుట్టాలవి నలభైకి మించవు. మిగతావన్నీ యూనివర్సిటీ పిల్లలవి.

తార్నాక వైపు గేటుకు ఎదురుగా, మెట్రో పిల్లరు నీడ పడేచోట, ఎనిమిదడుగుల వెడల్పున్న జిరాక్స్ షాపు ఆమెది. పద్దెనిమిదేళ్ళ షాపు. పిల్లలు ఫైలు వాట్సాప్‌లో పంపుతారు, ఆమె ప్రింటు తీసి పెడుతుంది, క్లాసయ్యాక వచ్చి పట్టుకుపోతారు. ఒకే పేరువాళ్ళు పదిమంది ఉంటారు గనుక పేరు పక్కన పని కూడా రాసుకోవడం ఆమె అలవాటు. సుజాత హిస్టరీ స్పైరల్. శివకుమార్ కెమిస్ట్రీ నల్లట్ట. భానుప్రకాశ్ పెద్దక్షరాలు. చదువైపోయి వెళ్ళినవాళ్ళ నంబర్లు కూడా తీసెయ్యదు. ఎన్నేళ్ళకో సర్టిఫికెట్ కాపీలకని ఫోన్ చేస్తే, తెర మీద పేరు చూసి "ఏం బిడ్డా హిస్టరీ స్పైరల్, మంచిగున్నవా?" అంటుంది. అవతలి పిల్ల మురిసిపోతుంది. హాస్టలు ఆడపిల్లలు ఎవరికి పడితే వాళ్ళకు నంబరివ్వరు. స్వరూపక్కకు ఇస్తారు. ఆమె గొప్పగా చెప్పుకునేది ఏదన్నా ఉంటే అదొక్కటే.

ఇప్పుడు ఆ పేర్లన్నీ ఇంకెవరి చేతిలోనో ఉన్నాయి.

థీసిస్‌లు ఇచ్చే గడువు ఇంకా పదిరోజులుందనగా పెద్ద మిషను డ్రమ్ము పోయింది. కాగితం తీస్తే నల్లటి చార. మెకానిక్ ఎనిమిది వేలన్నాడు. భర్త రాజన్న అప్పుడే ఆటోకు ఇన్సూరెన్సు కట్టి ఖాళీ జేబుతో ఉన్నాడు. ఆయన్నడిగి బాధపెట్టడం ఎందుకని, నిమిషంలో అప్పిస్తామంటూ ఫోన్లో ఎప్పుడూ కనబడే ఆకుపచ్చ బొమ్మ యాప్ మీద నొక్కింది. అది ఫొటో అడిగింది, ఆధార్ అడిగింది, పేర్లు చూడొచ్చా అని అడిగింది. సరే, సరే, సరే. పిల్లల ఫైళ్ళు తెరవడానికి రోజుకు వందసార్లు అట్లాంటి ప్రశ్నకే ఆమె సరే కొడుతుంది. కొట్టకపోతే ఫైలు తెరుచుకోదు. ఆ రోజు కూడా కన్ను చదవకముందే వేలు నొక్కేసింది.

ఎనిమిది వేలడిగితే ఐదు వేల రెండు వందలు పడ్డాయి. మిగతావి ఏవో ఖర్చుల కింద వాళ్ళే పట్టుకున్నారు. ఏడో రోజుకు ఎనిమిది వేలు కట్టాలట. మెకానిక్‌కు సగం ఆపి, ఆరో రోజునే కట్టేసింది. కట్టినా యాప్‌లో ఎర్రగా ఆరువేల మూడు వందలు కనబడుతూనే ఉంది. ఆలస్య రుసుమట. అది కూడా కట్టింది. మర్నాడు పదకొండు వేలు కనబడింది. ఎవరినడగాలో తెలియలేదు. యాప్‌లో ఆఫీసు చిరునామా లేదు, మనిషి పేరు లేదు.

ఫోన్లు మాత్రం మొదలయ్యాయి.

"స్వరూప మేడం, పదకొండు వేలు," అన్నాడు వాడు. గొంతు చిన్నవాడిదే. మర్యాదగానే ఉంది.

"కట్టిన కద సార్. రెండుసార్లు కట్టిన. రసీదున్నది."

"రసీదు మీ దగ్గర పెట్టుకోండి. మా దగ్గర బాకీ ఉంది. సరే, ఎవరికి చెప్పమంటారు? సుజాత హిస్టరీ స్పైరల్‌కు చేద్దామా? పద్మశ్రీ తెలుగు రెండో కాపీకి చేద్దామా?"

ఆ పేర్లు స్వరూప పెట్టుకున్నవి. ఆమె నోట తప్ప ఎవరి నోటా రాని పేర్లు. వాడు ఒక్కొక్కటే, హాజరు పిలిచినట్టు చదువుతున్నాడు.

రెండోనాడు పద్మశ్రీ రానే వచ్చింది. తెలుగు డిపార్ట్‌మెంటులో పరిశోధన చేసే పిల్ల. కౌంటరు మీద మోచేతులానించి మెల్లగా అంది, "అక్కా, ఎవడో ఫోన్ చేసిండు. స్వరూప దొంగ, నువ్వు ఆమెకు జామీను అంటడు. నేనెప్పుడున్న అక్కా జామీను? బూతులు గూడ తిట్టిండు. వానికి నా నంబరెట్ల దొరికింది?"

"ఏమో బిడ్డా. ఎవలో తప్పు నంబరు కొట్టిండ్రేమో," అంది స్వరూప, స్టేప్లరు కోసం వెతుకుతున్నట్టు వంగి. స్టేప్లరు చేతిలోనే ఉంది.

ఆ అబద్ధం ఆడాక షాపు ముందు ఇద్దరాడపిల్లలు నిలబడి నవ్వుకుంటే తన గురించే అనిపించేది. మిషను గుర్రుమంటే ఫోను మోగిందని ఉలిక్కిపడేది. రాజన్నకు చెబుదామని ఒకటి రెండుసార్లు ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. సీతాఫల్‌మండిలో ఇంటికొచ్చాక అడిగితే "బ్యాటరీ ఖరాబైంది. కొత్తది వెయ్యాలె," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బేరాలన్నీ ఫోన్ మీదే వచ్చే మనిషి మూడురోజులుగా బ్యాటరీ వేయించుకోలేదు. తన భయంలో తనుండి స్వరూప దాని గురించి ఆలోచించలేదు.

భూమిక వచ్చింది అట్లాంటి రోజుల్లోనే, ఒక సోమవారం. లా కాలేజీలో ఆఖరేడు, మాటల పుట్ట. వస్తూనే సంచీలోంచి కాగితాల బొత్తి తీసి కౌంటరు మీద పడేసింది.

"అక్కా, ఇది నువ్వే టైపు చెయ్యాలె. నా చేతిరాత నాకే అర్థమైతలేదు."

"నీ చేతిరాత చదివి చదివి నాకు అద్దాలొచ్చినయి. ఏంది గిది?"

"లోన్ యాప్‌లది. వాటి మీద గట్టి చట్టం ఎట్లుండాల్నో జనం నోట విననీకి కమిటీ వస్తున్నది, గురువారం, మా కాలేజీ హాలుకు. దివాకర్ సారే పెద్ద."

స్వరూప చెయ్యి గాలిలోనే ఆగింది. దివాకర్ సార్ లా కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన మనిషి. దిద్దిందే దిద్ది ఒక్క పుస్తకాన్ని ఆమె చేత మూడుసార్లు టైపు చేయించుకున్నారు. ఆయన నంబరూ ఫోన్లో ఉంది: దివాకర్ సార్ మళ్ళీ దిద్దిండు.

ఆ మధ్యాహ్నమంతా ఆమె టైపు చేసింది. మొదటి పేజీలో కమిటీని కోరేవి ఉన్నాయి. అప్పు చేతికిచ్చే ముందే మొత్తం ఎంత కట్టాలో తెలుగులో పెద్దక్షరాల్లో చూపాలి. ఫోన్లోని పేర్లూ ఫొటోలూ అడగనే కూడదు. అప్పు తీసుకున్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఫోన్ చెయ్యరాదు. కట్టిన రోజే బాకీ తీరినట్టు కాగితమివ్వాలి. ఫిర్యాదు చెయ్యడానికి, మనిషి ఎదురుగా కూర్చుని వినే ఆఫీసొకటుండాలి. ఆ తర్వాత వాంగ్మూలాలు. ఒకటి, ఒక విద్యార్థిని. రెండు, ఒక నర్సు. మూడు, ముషీరాబాద్‌లో ఒక దర్జీ. చదువుతూ పోతుంటే స్వరూపకు ఎవరో తన మెడ మీద ఊపిరి వదులుతున్నట్టుంది. అంతా తన కథే. ఒక్క అక్షరం కూడా కొత్తది కాదు.

సాయంత్రం భూమిక వచ్చి లెక్క చూసుకుంది. "ఏడుగురు చెప్పిండ్రు అక్కా. ఒక్కరు గూడ పేరు పెట్టనియ్యరు. కాళ్ళమీద పడ్డంత పనిచేసిన. పేరు లేని కాగితం మేం చదువుతం గాని దాన్ని బట్టి రిపోర్టుల ఏం రాయలేమమ్మా అంటున్నరు సార్. ఒక్క పేరున్నా చాలునట."

"భయం ఉంటది కద," అంది స్వరూప.

"నాకు లేదా? నేను గూడ తీసుకున్న, నాలుగు వేలు. ఆ మొదటిది నాదే." భూమిక నవ్వబోయింది గాని నవ్వు కుదరలేదు. "మా నాయనకు తెలిస్తే చదువు బందు."

చేతిరాత కాగితాలు సర్దుకుని, టైపు చేసినవాటికి స్పైరల్ వేసిపెట్టమని వెళ్ళిపోయింది.

మర్నాడు వాడు మళ్ళీ చేశాడు. ఈసారి మాట్లాడుతూనే ఒక ఫొటో పంపాడు. ముఖం స్వరూపదే, అప్పుకోసం యాప్‌కిచ్చిన ఫొటోలోది. ఒళ్ళు ఎవరిదో. చూడగానే ఫోన్ను బోర్లించి దాని మీద కాగితాల కట్ట పెట్టింది, అది లేచి వస్తుందేమో అన్నట్టు. స్పీకరులోంచి వాడి గొంతు మాత్రం వినబడుతూనే ఉంది.

"గురువారం పన్నెండు. దాటిందో, రెండువేల మూడువందల మందికి. హిస్టరీ స్పైరల్ నుంచి మొదలు."

స్వరూప చాలాసేపు స్టూలు మీదే కూర్చుంది. నిజానికి ఆమెను కోసింది ఆ ఫొటో కాదు. ఆ పిల్లల నంబర్లు వాడి చేతికిచ్చింది తనే. పేరు పెట్టిందంటే, పద్మశ్రీని తిట్టినవాడికి దారి చూపింది స్వరూపక్కేనని గేటంతా తెలుస్తుంది. తర్వాత ఏ ఆడపిల్ల నంబరిస్తుంది? పద్దెనిమిదేళ్ళ షాపు ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. పేరు పెట్టకపోతే పదకొండు ఇరవై అవుతుంది, ఇరవై నలభై. పిల్లలకు ఫోన్లు పోతూనే ఉంటాయి.

కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. రోజుకు వంద పేజీలు కొట్టే చేతులకు ఒక్క పేజీకి గంట పట్టింది. భూమిక కట్టకు వెనక ఆ పేజీ చేర్చి, స్పైరల్ వేసింది. భూమిక వచ్చి తీసుకుంటుంటే, "పేజీలు లెక్క జూసుకో బిడ్డా," అని మాత్రం అంది.

భూమిక లెక్క చూసింది. చివరి పేజీ దగ్గర ఆగింది. 'వాంగ్మూలం ఎనిమిది. నా పేరు స్వరూప.' తలెత్తి ఆమె ముఖంలోకి చూసి, స్పైరలును గుండెకానించుకుని వెళ్ళింది.

గురువారం హాలు నిండింది. స్వరూప షట్టరు దించి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. చూస్తే అన్నీ తెలిసిన ముఖాలే: నల్లట్టలు, పెద్దక్షరాలు, రెండో కాపీలు. తెలియని హాలయితే బాగుండేదనిపించింది. పదకొండుకే పిలుస్తామన్నారు. ముందు మాట్లాడిన పెద్దమనుషులు మైకు వదల్లేదు. గోడగడియారం ముల్లు జరుగుతున్నకొద్దీ ఆమె అరచేతిలో కాగితం తడిసిపోయింది. పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా పిలిచారు.

కోరేవి ఐదూ చదివి తన కథలోకొచ్చింది. డ్రమ్ము. ఐదు వేల రెండు వందలు. రెండుసార్లు కట్టడం. ఇంకొక్క వాక్యం మిగిలింది. దాని దగ్గరికొచ్చి గోడగడియారం చూసింది. పన్నెండు.

అప్పుడు ముందు వరసలో ఒక ఫోను గుర్రుమంది.

పక్కనే ఇంకొకటి. తర్వాత మూడో వరసలో, కిటికీ పక్కన, వెనక తలుపు దగ్గర. తేనెటీగలు లేచినట్టు హాలంతా ఆ చప్పుడు పాకింది. తలలు వంగాయి. ఒక్కొక్క ముఖం మీద తెర వెలుగు పడుతున్నది. బల్ల మీద దివాకర్ సార్ ఫోను కూడా కదిలింది.

స్వరూప బల్ల అంచు పట్టుకుంది. పారిపోదామంటే తలుపు చాలా దూరం, దారి పొడుగునా పిల్లలే.

ముందు వరసలో పద్మశ్రీ ఉంది. ఆ పిల్ల తెర చూసింది. స్వరూప వైపు చూసింది. ఫోన్ను ఒళ్ళో బోర్లించి దాని మీద చెయ్యి పెట్టింది. పక్క పిల్ల కూడా బోర్లించింది. వెనక ఎవరో మాత్రం కిసుక్కున నవ్వారు. "ఏయ్, ఎవడ్రా నవ్వింది?" అని ఇంకో గొంతు కసిరింది. "సదువక్కా."

స్వరూప చదివింది. "మీ నంబర్లు నా ఫోన్లకెల్లే పోయినయి. తెల్వక సరే కొట్టిన. పద్మశ్రీ అడిగితే అబద్ధం చెప్పిన. నా తప్పే."

చప్పట్లు లేవు. దివాకర్ సార్ తన ఫోను పక్కనున్న గుమాస్తాకు అందించారు. "ఇప్పుడొచ్చిన ఈ సందేశం, నంబరు, సమయం రాసుకోండి. వాంగ్మూలం ఎనిమిదికి జతపరచండి." మైకు ఆపడం మరిచారు గనుక అందరికీ వినబడింది. "ఇంకెవరికన్నా వచ్చిందా? వస్తే వాళ్ళ పేరు కూడా రాసుకుందాం." కాసేపటికి ఒక చెయ్యి లేచింది. అది భూమికది. "సార్, ఒకటో వాంగ్మూలానికి గూడ పేరు పెట్టుకోండి," అంది.

స్వరూప ఆగలేదు. ఎవరి ముఖమూ చూడకుండా గేటు దాటి షాపు దగ్గరికొచ్చేసింది. అక్కడ షట్టరు ముందు రాజన్న ఆటో ఆగి ఉంది. ఆయన నంబరు కూడా ఆ రెండువేల మూడువందల్లోదే. వాడు దాన్ని వదిలి ఉండడు.

రాజన్న వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు, బేరమెక్కినవాడిలా.

"చూసినవా?" అంది.

"పోయిన శుక్రారమే చూసిన. నాకు ముందే పంపిండు." ఆయన చేతుల వైపు చూసుకుంటున్నాడు. "బ్యాటరీ ఖరాబు గాలే స్వరూపా. వాడు చేస్తడని బందు పెట్టుకున్న. ఇయ్యాలనే మళ్ళ తెరిచిన."

"మరి నన్ను ఒక్క మాట అడగొద్దా?"

"నువ్వు చెప్పొద్దా?"

పైన మెట్రో పోయింది, అది పోయేదాకా ఆగారు.

"నువ్వేమన్న చేసుకుంటవేమోనని భయమైంది," అన్నాడు చివరికి. "బేరం దొరకనప్పుడల్లా ఈడికొచ్చి, రోడ్డు అవతలకెల్లి చూసి పోయేటోన్ని. షట్టరు లేచి ఉందా లేదా అని."

స్వరూప తాళం తీసింది. రాజన్న షట్టరు పైకి నెట్టాడు. లోపలికి వచ్చి స్టూలు పక్కన నిలబడి, "నాది గూడ టైపు చెయ్యి. పేరు పెట్టు. ఆటో నంబరు గూడ పెట్టు," అన్నాడు.

ఆమె కంప్యూటరు తెరిచి 'వాంగ్మూలం తొమ్మిది' అని కొట్టింది. 'నా పేరు రాజన్న' అని కొట్టేలోగా కౌంటరు మీద ఫోను మోగింది. పేరు లేని నంబరు. ఇద్దరూ దాన్ని చూశారు. పనికొచ్చిన కొత్త పిల్ల కావచ్చు, వాడు కావచ్చు. తీసేదాకా తెలియదు. రాజన్న చెయ్యి ఆమె భుజం మీద పడింది.

స్వరూప గోడగడియారం చూసి ముందు సమయం రాసుకుంది: పన్నెండూ నలభై. తర్వాత ఫోను తీసింది.