కుప్పుస్వామి మూతిపొక్కులు

చిత్తూరులో పెళ్లంటే కుప్పుస్వామి నాదస్వరం ఉండాల్సిందే. ఆ మాట ఊరివాళ్ల కంటే ఆయనే ఎక్కువసార్లు చెప్పేవాడు. 1987 ఎండాకాలంలో, రేణిగుంటలో ఒప్పుకున్న పెళ్లి దగ్గరపడుతుండగా ఆయనకు జ్వరం వచ్చింది. తగ్గుతూ తగ్గుతూ పై పెదవి అంచున నీటిపొక్కుల గుత్తి ఒకటి వదిలిపోయింది.

ఏదో పురుగు పాకిందన్నది భార్య వరదమ్మ. తనకు జతగా ఊదే తమ్ముడు రామచంద్ర తామరకు వాడి వదిలేసిన మందు గొట్టం గూట్లో కనబడింది. చర్మానికి రాసేదే గదా, పెదవి మాత్రం చర్మం కాదా అనుకున్నాడు కుప్పుస్వామి. అద్దం ముందు నిలబడి గంధం పూసినట్టు మందంగా పట్టించాడు. అందులో సగం కాఫీతో పాటు కడుపులోకి పోయింది. పొక్కులు ముక్కు కిందిదాకా పాకాయి. వాటిని గిల్లిన వేలితోనే కన్ను నలుపుకోబోతుంటే వరదమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, నేరుగా డాక్టరమ్మ శకుంతలమ్మ దగ్గరికి నడిపించింది.

డాక్టరమ్మ గొట్టం తిప్పి చూసి, ఇది ఎవరిదని అడిగింది.

"మా తమ్మునిదమ్మా. తొడ మీద తామరకు తెచ్చుకున్నాడు."

ఆ మాట పైకి అన్నాక గానీ, తొడకు రాసేది మూతికి రాసుకున్న సంగతి ఎంత బాగుందో ఆయనకు తెలియలేదు.

ఆ మందు ఈ పొక్కుల్ని ఇంకా పెంచుతుందని చెప్పి, ఆమె కన్ను పరీక్షించింది. అదృష్టం, కంటికి పాకలేదు. కొత్తగా వచ్చిన క్రీమొకటి రాసిచ్చింది. చేతులు కడుక్కుని పొక్కుల మీద మాత్రమే పలచగా అద్దాలి, రాశాక మళ్లీ కడుక్కోవాలి. నోటి లోపల, కంటి దగ్గర తగలనివ్వకూడదు. ఇంకోసారి పెదవి చిమచిమలాడితే పొక్కు లేచేదాకా ఆగకుండా అప్పుడే మొదలుపెట్టాలి. ఆ క్రీము గొట్టం ఇంకొకరికి ఇవ్వకూడదు. పొక్కులు ఎండి మానేదాకా మనవరాలిని ముద్దాడకూడదు, నాదస్వరం ఊదకూడదు, నాదస్వరం కొసన పెదవులతో పట్టి ఊదే తన పీకను ఎవరి నోటా పెట్టనివ్వకూడదు.

"పెండ్లి ఉండాదమ్మా. నేను ఊదకపోతే ముహూర్తం నిలిచిపోతాది."

"నువ్వు పుట్టకముందు కూడా పెండ్లిండ్లు జరిగినాయి గదప్పా."

రేణిగుంటలో రామచంద్ర తన సొంత పీకతో ఊదాడు. కుప్పుస్వామి వెనక కూర్చుని తాళం వేశాడు. ముహూర్తం నిమిషం కూడా తప్పలేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. పైగా ఒక ముసలమ్మ వంగి చూసి, "ఆ తాళం పెద్దాయన మూతికి వెన్న అంటుకోనుండాది, తుడుసుకోమనండి" అన్నది. తుడుచుకుంటే మందు పోతుంది, తుడుచుకోకపోతే మర్యాద పోతుంది. మర్యాదనే వదులుకున్నాడు. ఈ ముక్క తర్వాత ఎన్నో పందిళ్లలో ఆయనే చెప్పి నవ్వించాడు.

పెదవి పూర్తిగా మానాక పుత్తూరులో ఒక పెళ్లికి మళ్లీ నాదస్వరం పట్టాడు. మొదటి స్వరమే బొంగురుపోయింది. డోలు ఆయన తలెత్తి చూశాడు.

"మూతి బాగయింది సామీ, మనిసే పాతబడినాడు" అని కుప్పుస్వామి పీక సవరించుకుని మళ్లీ ఎత్తుకున్నాడు.