నా నోరు ఊకున్న నాడు

మరాఠీ నడిచే ఈ బాబుపేట్‌లో మా తెలుగువాళ్ల గల్లీకి నా నోరంటే భయం. రేషన్ దుకాణంలో తూకం తగ్గితే అడిగేది నేనే, నల్లా రాకపోతే అరిచేదీ నేనే. అట్లాంటి నోరు, తెరవాల్సిన ఒక్క పూట తెరుచుకోలేదు. అది రాయడానికే కూర్చున్నాను. అరవై దాటాక నేర్చుకున్న రాత, వంకరగా ఉంటే ఉంటుంది.

ఈ రాత నాకు నేర్పింది ఒక కాలేజీ పిల్ల. డిగ్రీ అయ్యాక సమాజసేవలో పై చదువు చదువుతుండేది. ఆ చదువులో వారానికి రెండు రోజులు బస్తీలో పని చేయాలి. ఏం చేయాలో ఆ చదువుకునేవాళ్లు తమంతట తాము అనుకోకూడదు. ఇంటింటికీ తిరిగి జనానికి ఏం కావాలో అడిగి, అదే చేయాలి. చేసింది నోట్‌బుక్‌లో రాసి మేడమ్‌కు చూపాలి. మేడమ్ ఒప్పుకుంటేనే చదువు ముందుకు పోతుంది.

పిల్లది కోఠారి అనే ఊరు. తల్లిదండ్రులది బట్టల దుకాణం. ఇంట్లో మాట్లాడేది మాలాగే తెలుగు, చదివిందంతా మరాఠీ. మా గల్లీ ఆడవాళ్లను అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు. పిల్లల బడి చీటీలు, దవాఖానా బోర్డులు చదువుకునేటంత మరాఠీ నేర్పమన్నారు. అదే రాసుకుంది. కూర్చోవడానికి మా ముందర అర్ర నేనిచ్చాను. మొదటి రోజే గొడవ పెట్టుకున్నాను.

"నోట్లె ఉన్నది తెలుగు. కాయితం మీద గూడ గదే రావాలె. మరాఠీ నాకొద్దు."

"అవ్వా, అందరు మరాఠీ అడిగిన్రు గదా."

"అందరు ఎవరింట్ల కూసున్నరు?"

పక్కింటి కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గీమెతోని కొట్లాడుడు, బొగ్గుబాయిల దిగుడు ఒక్కటే బిడ్డా. ఊకో" అంది. అందరూ నవ్వారు. పిల్ల సరేనంది.

ఆమెకూ తెలుగు రాయడం రాదని తర్వాత తెలిసింది. ఎవరి చేతనో ఒకటో తరగతి పుస్తకం తెప్పించుకుని, ఇవాళ తను నేర్చుకున్నది రేపు మాకు చెప్పేది. ఒకనాడు ‘మ’కూ ‘య’కూ తేడా తెలియక మేకను ‘యేక’ అని పలక మీద రాసింది.

"యేకకు కొమ్ములుంటయా బిడ్డా?" అని ఎగతాళి చేసిందీ నేనే.

కొన్నాళ్లకు నా పేరు నేను రాసుకున్నాను. మిగతావాళ్లకు ఆ అక్షరాలతో పని లేదు. కొందరు మానేశారు. వచ్చినవాళ్లు చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చునేవాళ్లు. నాకది కనిపించేది. నాకు వస్తోంది కదా అని ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం మేడమ్ వచ్చింది. మరాఠీలో ఉన్న బడి చీటీ ఒకటి మా ముందు పెట్టి చదవమంది. అది చేయి చేయి మారింది. మరాఠీలో నన్ను అవ్వా అని పిలుస్తూ, "ఆజీ, మీరు చదవండి" అని నాకిచ్చింది. చూసి తిరిగి ఇచ్చేశాను.

మేడమ్ నోట్‌బుక్ తెరిచి పిల్లను మరాఠీలో అడిగింది. "వీళ్లకు మరాఠీ కావాలని నువ్వే రాశావు. తెలుగు ఎవరడిగారు? నీ భాష మీద ముచ్చటకు వీళ్ల కాలం పాడు చేశావా?"

నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. మరాఠీ అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు. పిల్ల నా వైపు చూసింది. నేను గోడ గడియారం చూశాను.

"నేనే మేడమ్" అంది పిల్ల.

ఇంతమంది అడిగినదాన్ని నా ఒక్కదాని కోసం మార్పించానని అందరి ముందూ ఒప్పుకోవాలంటే సిగ్గేసింది. అంతే. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

ఆ ఏడు ఆమె చేసిన పని లెక్కలోకి రాలేదు. మళ్లీ చేయమన్నారు. కాలేజీకి పోయి నిజం చెబుదామని రెండుసార్లు మంచి చీర కట్టుకున్నాను. రెండుసార్లూ మోకాళ్ల నొప్పి అని కూర్చున్నాను. అవే మోకాళ్లతో అదే సాయంత్రం బజారు చుట్టి వచ్చాను.

ఇప్పుడామె మాజ్రి అనే ఊళ్లో అదంతా మొదటి నుంచి చేస్తోంది. తోటివాళ్లు చదువు ముగించి ఉద్యోగాల్లో చేరారు. మొన్న ఇటు వచ్చినప్పుడు నన్ను చూడటానికి వచ్చింది. నోటితో అనలేక, ఇంతవరకు రాసిన కాగితాలు చేతిలో పెట్టాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. ఒక చోట ఆగి పెన్ను అడిగింది. ‘మేడమ్ అడిగినప్పుడు నేను యాట్లాడలేదు’ అని రాశానట. ఆ ‘యా’ కొట్టేసి పైన ‘మా’ పెట్టింది.

"గంతేనా? ఇంకేం అనవా?" అన్నాను.

కాగితాలు మడిచి నా ఒళ్లో పెట్టింది. "మేడమ్‌కు తెలుగు సదవరాదు అవ్వా. నీకు మరాఠీల నోరున్నది గదా" అని చెప్పులు తొడుక్కుంది.