రేడియోలో జాక్, వంటింట్లో జానకిరామ్

ఐర్లండులో ఎన్నిస్ అనే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు జనరల్ మేనేజరు ఫింటన్ లిడీ ఎవర్ని తెచ్చినా, ఎవర్ని వదులుకున్నా, అది తప్పని ఊరందరికంటే ముందు తేల్చేసేది జానకిరామ్. క్లబ్బు మరీ పెద్దదేం కాదు. రెండో డివిజన్లో ఆడుతుంది, ఆటగాళ్ళకు జీతాలిస్తుంది, స్టాండులో సగానికి మాత్రమే కప్పుంటుంది. ఆ కప్పు లేని సగంలో, వానలో, ఏళ్ళ తరబడి జానకిరామ్‌ది ఒకటే సీటు.

ఉద్యోగం పక్క ఊరు షానన్‌లో, వైద్య పరికరాల ఫ్యాక్టరీలో. గుండె నాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలను దీపం కింద పెట్టి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని తేల్చే విభాగానికి అతనే పెద్ద. పగలంతా ఆ పని చేసిన కన్ను సాయంత్రమైతే ఊరుకుంటుందా? పెళ్ళైన కొత్తలో శాంత పెట్టిన ఇడ్లీల్లో కూడా ఒకటి తీసి పక్కన పెట్టేవాడు. తర్వాత మానేశాడు. ఎలా మానేశాడో శాంతనడిగితే చెబుతుంది.

శనివారం మధ్యాహ్నం ఊరి రేడియోలో ఆటల కార్యక్రమం వస్తుంది. జనం ఫోన్లు చేసి క్లబ్బును తిట్టొచ్చు, పొగడొచ్చు. పొగిడేవాళ్ళు తక్కువ. జానకిరామ్ ఇంటి ముందున్న కారులో కూర్చుని, అద్దాలు పైకెత్తుకుని, జాక్ అని పేరు చెప్పి మాట్లాడేవాడు. సొంత పేరు చెప్పడానికి లేదు, ఫ్యాక్టరీలో అతని పై ఆఫీసరు లిడీకి స్వయానా బావమరిది. జాక్‌కి మాత్రం ఎవరి భయమూ లేదు. వాక్యానికోసారి బేసికల్లీ అంటూ, ఏ ఆటగాణ్ణి ఎందుకు తేకూడదో, ఎవర్ని ఎందుకు పంపకూడదో పూసగుచ్చినట్టు విడమరిచేవాడు.

జూలైలో లిడీ ఎస్టోనియా నుంచి తానెల్ అనే డిఫెండర్ని తెచ్చాడు. వయసు ముప్ఫై నాలుగు. తొలి మ్యాచ్ చూసొచ్చిన జాక్ ఆ శనివారం చెలరేగిపోయాడు. ఈ మనిషి ఎడమకు తిరగాలంటే బస్సు యూటర్న్ కొట్టినంత సేపు పడుతోంది, లిడీకి కళ్ళున్నాయా అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. పెళ్ళిచూపులకెళ్ళి, పిల్లని చూడకుండా, వీధరుగు బాగుందని సంబంధం ఖాయం చేసుకొచ్చినట్టుంది ఈ లిడీ వ్యవహారం అని కూడా అన్నాడు, ఇంగ్లీషులో. రేడియో అతను చప్పున ప్రకటనలు పెట్టేశాడు. అవి అయ్యేలోగా ఊరంతటికీ జాక్ ఎవరో తెలిసిపోయింది. ఎన్నిస్ చుట్టూ ఉన్న క్లేర్ కౌంటీ మొత్తంలో పెళ్ళిచూపుల పోలిక తెచ్చే జాక్ ఇంకొకడెవడుంటాడు?

ఆ సాయంత్రమే గాల్వేలో చదువుకుంటున్న కూతురు రిషిత ఫోన్ చేసింది. "జాక్‌కి ఒంగోలు యాస ఫియర్స్‌గా ఉంది నాన్నా" అంది. కన్నకూతురు గనక పట్టేసింది, బయటివాళ్ళకెలా తెలుస్తుందిలే అనుకున్నాడు. సోమవారం మాంసం కొట్టువాడు హౌ ఆర్ యూ జాక్ అన్నాడు. ఈ దేశంలో పేరు తెలియనివాణ్ణి అలాగే పిలుస్తారు కాబోలనుకున్నాడు.

ఇక్కడి చిన్న క్లబ్బులకు ఒక అలవాటుంది. బయటి దేశం నుంచి వచ్చిన ఆటగాణ్ణి ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో దింపుతారు. శాంత ఊళ్ళో డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని చేస్తుంది. మందుల చీటీ కోసం వచ్చిన క్లబ్బు సెక్రటరీ మాటల్లో గది సంగతి ఎత్తింది. రిషిత కాలేజీకి వెళ్ళినప్పట్నుంచీ దాని గది ఖాళీ, వండితే తినే నాథుడు లేడు. శాంత అక్కడికక్కడే సరేనంది, మొగుణ్ణి అడగాలన్న ఆలోచనే లేకుండా.

బుధవారం జానకిరామ్ డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింటి బల్ల దగ్గర కొండలాంటి మనిషొకడు కూర్చుని ఆరో దోసె తింటున్నాడు.

"మీ ఫుట్‌బాల్ అతనేనటండీ. తెలుసా మీకు?" అంది శాంత.

తానెల్ లేచి నిలబడితే తల దీపానికి తగిలింది. చెయ్యి చాచాడు. జానకిరామ్ ఆ చెయ్యందుకుని, ఎప్పుడూ చూడలేదు, నైస్ టు మీట్ యూ అన్నాడు. మరి టిక్కెట్టు కొని మ్యాచ్ చూసొచ్చిందెవరని శాంత అడగలేదు, ఆమె చేతిలో అట్లకాడ ఉంది.

వారం తిరిగేసరికి తానెల్ ఇంట్లో మనిషయ్యాడు. గోంగూర పచ్చడి చెంచాతో తినేవాడు. కీలు ఊడి ఏడాదిగా వేలాడుతున్న వంటింటి అల్మారా తలుపు అడక్కుండా బాగుచేశాడు. శాంత అతనితో శుద్ధ తెలుగులో మాట్లాడేది, అతను వచ్చీరాని ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు, ఇద్దరికీ ఏ లోటూ ఉండేది కాదు. లిడీ బుద్ధిమంతుడండీ, తిండి విలువ తెలిసిన మనిషిని తెచ్చాడు అనేది. ఆటగాళ్ళని ఎంచడానికి ఆమె కొలత ఆమెది. సాయంత్రాలు తానెల్ ఎస్టోనియాలో, సొంతూరు తార్తులో ఉన్న కూతురితో ఫోన్లో మాట్లాడేవాడు. ఆ పాప బడిలో చేరింది, చదివే ప్రతి అక్షరమూ తండ్రికి చూపించాలి. అర్థం కాని ఆ భాషను జానకిరామ్ పేపరు అడ్డం పెట్టుకుని వినేవాడు.

దాంతో రేడియోలో జాక్ గొంతు మారింది. లిడీది దూరదృష్టి అన్నాడు ఒకసారి. తానెల్ పక్క నుంచి గోల్ పడితే గోల్‌కీపరుదే తప్పన్నాడు. తర్వాత గడ్డి ఎక్కువుందన్నాడు. ఆపై వారం గాలి ఎదురుకొట్టిందన్నాడు. లిడీ ఎస్టోనియా వాణ్ణి కొన్నాడు, ఎస్టోనియా వాడు జాక్‌ని కొన్నాడు అని ఊళ్ళో నవ్వుకున్నారు.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం పొద్దున శాంత ఉప్మా కలుపుతోంది, జానకిరామ్ కాఫీ తాగుతున్నాడు. తానెల్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"జాక్, ఒక విషయం అడగాలి."

జానకిరామ్ కప్పు బల్లమీద పెట్టాడు. కాస్త ఒలికింది. శాంత పొయ్యి వైపు నుంచి తిరగలేదు గాని ఆమె భుజాలు కదిలాయి. నవ్వుకే అయ్యుండాలి.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు జానకిరామ్.

"వచ్చిన మర్నాటి నుంచి. జాక్ ఇంట్లో దిగావట, అన్నం పెడుతున్నాడా అని మా జట్టువాళ్ళు అడిగారు. పెళ్ళి కథ కూడా చెప్పారు. బాగుంది."

ఫ్యాక్టరీలో పై ఆఫీసరు ఇన్నాళ్ళూ తనను చూసి ముసిముసిగా ఎందుకు నవ్వేవాడో జానకిరామ్‌కు ఇప్పుడు అర్థమైంది. భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది. తానెల్‌కి అదేమీ పట్టలేదు. తన సంగతి చెప్పాడు. లిడీ ఇంకో ఏడాది ఉండమంటున్నాడు. తార్తులో పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగముంది, ఇంకో నెలలో ఈ సీజన్ అవగానే వెళ్తేనే అది దక్కుతుంది. ఆడగలిగితే ఇక్కడే ఉండాలనుంది.

"లిడీ మంచివాడు, మొహమాటస్తుడు. అతను చెప్పడు. నువ్వు చెప్పు. ఎడమకు తిరగలేనని మొదటిరోజే పట్టుకున్నావు. అది నాకూ నా మోకాలికీ తప్ప తెలీదనుకున్నాను. ఈ ఇంటికొచ్చాక నువ్వు అబద్ధాలు మొదలుపెట్టావు. గాలి, గడ్డి." తానెల్ బల్లమీద ఒలికిన కాఫీని కాగితంతో తుడిచాడు. "ముందులాగా చెప్పు."

ఎంతోమంది ఆటగాళ్ళ జాతకాలు కారులో కూర్చుని తేల్చేసిన మనిషి కాఫీ కప్పును బల్లమీద అటూ ఇటూ జరిపాడు. దీపం కింద పెట్టిన గొట్టం ఎప్పుడూ అతని మొహంలోకి చూడలేదు, నేను పనికొస్తానా అని అడగలేదు. ఉండిపో అంటే ఉండిపోతాడు. ఇంట్లో మళ్ళీ నాలుగు మాటలు వినబడుతున్నాయి, శాంత మళ్ళీ పెద్ద గిన్నెలు దించింది. ఒక్క మాట చాలు, బాగానే ఉందన్నట్టు గ్రాండ్ అంటే చాలు. ఈ ఊళ్ళో ఆ మాటకు ఎవరూ సంజాయిషీ అడగరు.

"మొన్నటి గోల్ గోల్‌కీపరు తప్పే," అన్నాడు.

తానెల్ తడిసిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"కాదు," అన్నాడు జానకిరామ్ చివరికి. "నీదే. నిన్ను తేవడం లిడీ తప్పన్నాను. అది నా పొరపాటు. నువ్వొచ్చాకే మనవాళ్ళు కంగారు పడకుండా నిలబడ్డం నేర్చుకున్నారు. కానీ ఇంకో ఏడాది ఉంచుకుంటే మాత్రం నిజంగా తప్పే. ఆ మోకాలు ఇంకో సీజన్ ఆడదు. వచ్చే వేసవికి నిన్ను బెంచీ మీద కూర్చోబెడతారు. అది నేను చూడలేను. వెళ్ళు. మీ పాప దగ్గరికి వెళ్ళు."

తానెల్ తలూపాడు. ఏడుస్తాడేమోనని జానకిరామ్ భయపడ్డాడు గాని, మోయలేని బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి, బల్లమీదుగా చెయ్యి చాచి అతని భుజం నొక్కాడు. కాసేపు నడిచొస్తానని చెప్పి బయటికెళ్ళాడు.

శాంత పొయ్యి ఆపింది. మొగుడివైపు తిరక్కుండానే, రెండు రోజులు నాతో మాట్లాడకండి అంది. సరేనన్నాడు. ఆమె గిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"అంత పాడైపోయిందా మోకాలు?"

"ఊఁ."

"మొదట్నుంచీ తెలుసా మీకు?"

"తొలి మ్యాచ్‌లోనే కనబడింది."

"మరి నాకొక్క ముక్క చెప్పరేం? రేడియోలో లోకానికంతా చెప్పారు. ఆ మోకాలితో రోజుకి పదిసార్లు మెట్లెక్కిస్తున్నాను కదండీ పిల్లాణ్ణి. కింద ముందుగది ఉంది, మంచం పడుతుంది."

జానకిరామ్ ఆమెకేసి చూశాడు. ఇన్ని నెలలు స్టాండులో కూర్చుని ఆ మోకాలు ఎటు ఎంత వంగుతుందో కొలిచినవాడికి, రోజూ తన తల మీద నుంచే ఆ అడుగుల చప్పుడు వినబడుతున్నా, ఆ సంగతి తట్టలేదు.

వెళ్ళేది నెల తర్వాతేగా అని అనబోయి ఊరుకుని, ఆమె వెనకే మేడమీదికి నడిచాడు. ఇద్దరూ కలిసి పరుపు మెట్లమీదికి లాగారు. సగం దిగాక అది గోడకీ కటకటాలకీ మధ్య ఇరుక్కుంది. కింద శాంత, పైన జానకిరామ్, నువ్వు లాగు అంటే మీరు తొయ్యండి అని వాదించుకుంటుంటే వీధి తలుపు తెరుచుకుంది. తానెల్ వాళ్ళిద్దర్నీ, పరుపునీ చూశాడు. సంగతి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత బూట్లు విప్పేసి వచ్చి కింది కొస పట్టుకోబోయాడు.

"నువ్వు వదులు నాయనా," అంది శాంత. "మేం దించుతాం. నువ్వెళ్ళి ఉప్మా తిను, చల్లారిపోతోంది."