హనుమండ్లు ట్రయల్‌కు పోయిండు

హుజూరాబాద్ మెకానిక్ హనుమండ్లుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. దాని పేరు ట్రయల్. ఎలాంటి బండైనా అతని చేతిలో బాగవుతుంది, అందులో ఎవరికీ అనుమానం లేదు. కాకపోతే బాగైన బండి ఇంటికి రాదు. ట్రయల్‌కు పోతుంది. ఎంత దూరం పోతుందో, ఎప్పుడు తిరిగొస్తుందో, వచ్చేటప్పుడు అందులో ఎవరెవరు ఉంటారో దేవుడికి కూడా తెలియదు. బండి యజమాని వచ్చి షెడ్డు ముందు నిలబడితే, హనుమండ్లు భార్య కోమల చేటలోని బియ్యం నుంచి తల ఎత్తకుండానే "ట్రయల్‌కు పోయిండు" అంటుంది. ఎవరొచ్చారో చూడాల్సిన అవసరం ఆమెకు లేదు. ఎవరొచ్చినా జవాబు అదే.

ఒకసారి ముత్తయ్య స్కూటరుకు హారన్ బాగుచేసి, ట్రయల్‌కని హుస్నాబాద్ సంతకు తీసుకుపోయాడు.

"హారన్‌కు ట్రయలేందిరా? ఈడ్నే ఓసారి ఒత్తితే అయిపోవు గద" అని ముత్తయ్య కోప్పడ్డాడు.

"ఈడ ఒత్తితే ఎవలు తప్పుకుంటరు కాకా? సంతల ఒత్తాలె. ఎద్దు తప్పుకుంటే హారన్ పాసైనట్టు."

ఎద్దు తప్పుకుందట. హారన్ పాసైంది. సంత నుంచి తిరిగొచ్చాక స్కూటరు వెనక సీటు మీంచి మాత్రం ఒక కోళ్ళ గంప, దాన్ని పట్టుకుని ఒక ముసలాయన దిగారు.

ఇంట్లో కూడా అంతే. కుక్కరుకు కొత్త రబ్బరు వేసిన రోజున, ఒక్క ఇంటి పప్పుతో రబ్బరు సంగతి తేలదని వాడకట్టు మొత్తానికి వండించాడు. "పెండ్లయి ఇరవై ఏండ్లాయె. నన్నింకా పాసు చెయ్యలే, ట్రయల్‌ల్నే పెట్టిండు" అని కోమల ఆడవాళ్ళతో చెప్పి నవ్వుతుంది.

ఇదంతా తెలిసి కూడా విత్తనాల దుకాణం శ్యాంసుందర్ సేటు తన ప్రాణంలాంటి బండిని హనుమండ్లుకు అప్పజెప్పాల్సి వచ్చింది. ఆ బండి మామూలుది కాదు. ఏ కాలందో తెలియని విదేశీ ఫోర్ వీల్ డ్రైవ్. దానికి కింద స్ప్రింగులుండవు. నాలుగు చక్రాల దగ్గర నాలుగు రబ్బరు గాలితిత్తులు, వాటికి గాలి పంపే ఒక కంప్రెసరు. బటన్ నొక్కితే బురదలో దిగిన ఆడమనిషి చీర ఎత్తినట్టు పైకి లేస్తుంది. ఇంకో బటన్ నొక్కితే మనుషులు ఎక్కడానికి వీలుగా ఒంటెలాగా కిందికి కూర్చుంటుంది. కొన్న కొత్తలో సేటు దుకాణానికి విత్తనాల కోసం వచ్చిన రైతులు, విత్తనాలు మరిచిపోయి బండి కూర్చునేది చూసి పోయేవారు.

అలాంటి బండి ఒక పొద్దున లేచేసరికి వెనక ఎడమవైపు కుంగి, ఒక కాలు మడిచిన బర్రెలాగా ఉంది. స్టీరింగు ముందర, బండిలో తేడా ఉందని చెప్పే పచ్చదీపం వెలుగుతోంది. హైదరాబాద్‌లో ఒక షెడ్డువాళ్ళు ఫొటో చూసి, అద్దాలు తప్ప అన్నీ మార్చాలన్నారు.

అంతకంటే పెద్ద బాధ బామ్మర్ది కరుణాకర్. నస్పూర్‌లో కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశం పనుల కోసం ముందే వెళ్ళిన సేటు భార్య, కుంగిన బండి సంగతి తమ్ముడి చెవిన వేసింది. వెంటనే ఫోన్ వచ్చింది.

"బావా, బండికి పచ్చవాతమట గద. బస్సుల రా పో, ఎవలేమనుకోరు."

సేటుకు ఒళ్ళు మండింది. "నీ గుమ్మం ముందట లేపుత, కూసోబెడుత, చూస్తుండు. లేకుంటే గా దినమే పాత ఇనుముల అమ్మేస్త" అనేశాడు. అన్న తర్వాత బండి వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

హనుమండ్లు బండి చుట్టూ తిరిగి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"నడుస్తుంటే ఒంగుతదా సేటు, నిలబడితే ఒంగుతదా?"

"సాయంత్రం మంచిగ నిలబెట్టిన. తెల్లారేసరికి గిట్లుంది."

"అంటే నిద్రల కారుతుంది. చిన్న చిల్లే."

ఇంజను నడిపించి బండిని పైకి లేపి, సబ్బునీళ్ళు గాలితిత్తి మీద చిలకరించాడు. రబ్బరు మడత పడే చోట బుడగలు చిన్నపిల్లల నోట్లో నురగలాగా లేచాయి. సేటు వంగి చూసి, "గిదేనా?" అన్నాడు. "గిదే. గానీ గిది ఒక్కటే గాదు" అన్నాడు హనుమండ్లు. తిత్తి కారుతుంటే ఆ లోటు తీర్చడానికి కంప్రెసరు ఆగకుండా కొట్టి కొట్టి వేడెక్కింది. "పోయేది ఒక కాడ, ఆయాసపడేది ఇంకో కాడ. సంసారమసొంటిదే సేటు."

బస్సు పార్సిల్‌లో కొత్త తిత్తి వచ్చింది. బిగించి, కంప్రెసరు శుభ్రం చేసి, బటన్ నొక్కారు. బండి లేచింది. ఎడమ వైపు లేచి, ఇంకా లేచి, ఆగకుండా లేచి, ఈసారి కుడివైపు పడుకుంటానంది. సేటు గుండె పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. చక్రం దగ్గర బండి ఎత్తును కనిపెట్టే చిన్న కమ్మీ ఒకటి ఉంటుంది. అది తుప్పుపట్టి బిగుసుకుపోయి, బండి ఎంత లేచినా "ఇంకా కిందనే ఉన్న" అని చెబుతోంది. కంప్రెసరు దాని మాట నమ్మి గాలి పంపుతోంది. హనుమండ్లు ఆ కమ్మీ మార్చాడు. బండి నాలుగు వైపులా సమంగా, పెళ్ళికొడుకులా నిలబడింది. పచ్చదీపం ఆరిపోయింది.

సేటు హనుమండ్లు చెయ్యి పట్టుకున్నాడు. "పొద్దుగాలనే వచ్చి తీస్కపోత. గృహప్రవేశం ఉంది. ట్రయల్ గియల్ అనకు, నీకు దండం పెడుత."

"ఫికర్ చెయ్యకు సేటు" అన్నాడు హనుమండ్లు. ఆ మాట తర్వాతే సేటుకు ఫికర్ మొదలైంది.

మర్నాడు పట్టు పంచెతో షెడ్డుకు వచ్చేసరికి బండి లేదు. కోమల చేటలోంచి తల ఎత్తలేదు. సేటు ఫోన్ చేశాడు.

"ఏడున్నవ్‌ర?"

"ఖాళీ ట్రయల్ అయిపోయింది సేటు. లోడు ట్రయల్ నడుస్తుంది. కరీంనగర్ కంటి దవఖాన కాడ ఉంట, ఆడికే రా. నస్పూర్‌కు ఎట్లయిన గదే తొవ్వ గద."

విదేశీ బండి యజమాని పట్టు పంచెతో కరీంనగర్ బస్సెక్కి, నిలబడి ప్రయాణం చేశాడు. మానకొండూరులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చాయ్ కొట్టాయన్ని అడిగాడు.

"ఇటు ఒక పొడుగు బండి పోయిందా?"

"పోయింది. ఈడ ఆగి కిందికి కూసుంది. నల్లద్దాలు పెట్టుకున్న అవ్వలు ముగ్గురు దిగి చాయ్ తాగి ఎక్కిండ్రు. బండి లేసింది. జనం మల్ల చూపియ్యమన్నరు."

"చూపిచ్చిండా?"

"అడిగినన్నిసార్లు."

సేటు బస్సు కడ్డీని పిసికాడు.

కంటి దవఖాన మెట్ల ముందు బండి నేలకు ఆనుకుని కూర్చుని ఉంది. హనుమండ్లు చేతిలో టేపు. కంటి ఆపరేషన్ చేయించుకుని చూపించుకోవడానికి వచ్చిన ముగ్గురు అవ్వలు నల్లద్దాలతో, రహస్య పోలీసుల్లాగా ఒక్కొక్కరే వెనక సీట్లోకి ఎక్కుతున్నారు. ఒకరు ఎక్కగానే హనుమండ్లు తలుపు మూసి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచుదాకా కొలిచి, "లస్మవ్వ ఎక్కితె బొటనవేలంత దిగింది, మల్ల సదురుకుంది. తిత్తి పాసు" అంటున్నాడు.

సేటు తిట్లన్నీ బస్సులోనే వరుసగా పేర్చుకుని వచ్చాడు. మొదటిది నోట్లోంచి రాబోతుండగా లస్మవ్వ కిటికీలోంచి పలకరించింది.

"నువ్వు గూడ బరువుకే వచ్చినవా బిడ్డా? నేను ఎనుక ఎడమ. నీదే సీటు?"

సేటు కిటికీ దగ్గరికి వంగాడు.

"పాపం, హనుమండ్లుకు బరువు దొరకదు బిడ్డా" అంది ఆమె గొంతు తగ్గించి. "గీ బండికి మనుషులు ఎక్కితేనే గని మంచిగైందో లేదో తెల్వదట. ఇసుక బస్తాలు పనికిరావట. మేం రాకపోతే వాని పని ఆగిపోతది. ఎట్లయిన వస్తిమి గదా అని దవఖానల కన్ను గూడ చూపిచ్చుకుంటున్నం. గంతే."

సేటు హనుమండ్లును పక్కకు లాగాడు. "ఇసుక బస్తాలు ఎందుకు పనికిరావు?"

"వస్తయి సేటు" అన్నాడు హనుమండ్లు టేపు చుడుతూ.

"మరి?"

"ఆటో పెడ్త అన్న. ఎక్కలే. 'నీ రుణం మాకెందుకు, బస్సుల పోతం' అన్నరు. బస్సు మెట్లేమో ఎత్తు, కండ్లకేమో పట్టీలు. జర బరువు సాయం చేయుండ్రి అని అడిగితే చీరలు మార్చుకోని వచ్చిండ్రు."

సేటుకు హుస్నాబాద్ సంత నుంచి కోళ్ళ గంపతో దిగిన ముసలాయన గుర్తొచ్చాడు. వాడకట్టంతా తిన్న పప్పు కూడా గుర్తొచ్చింది. పేర్చుకొచ్చిన తిట్లు ఎక్కడివక్కడే కూలిపోయాయి.

"ఇగ వీళ్ళను దింపి వచ్చేసరికి నా బామ్మర్ది ఇంట్ల భోజనాల బంతి లేస్తదిరా" అన్నాడు నీరసంగా.

లస్మవ్వకు చూపు సరిగా రాలేదు గానీ చెవులు బాగా పనిచేస్తున్నాయి. "ఇంకింత ట్రయల్ ఉంటే చెప్పుండ్రి. మాకేం తొందర లేదు" అంది. పక్కనున్న అవ్వ, "డాక్టరు తలకు పోసుకోవద్దన్నడు గానీ బువ్వ వద్దనలే" అని గుర్తుచేసింది. హనుమండ్లు ఫోనుతో ముగ్గురూ ఇళ్ళకు కబురు చేశారు: ట్రయల్ పెద్దదైంది, పొద్దుగూకేసరికి వస్తం.

నస్పూర్‌లో మామిడి తోరణాల ముందు కరుణాకర్ చుట్టాలందర్నీ నిలబెట్టి మరీ ఎదురుచూస్తున్నాడు. బండి వచ్చి ఆగింది. సేటు బటన్ నొక్కాడు. బండి ఠీవిగా లేచింది. ఇంకో బటన్ నొక్కాడు. తిరునాళ్ళ ఏనుగులాగా నెమ్మదిగా మోకరిల్లింది. తలుపులు తెరుచుకుని నల్లద్దాల అవ్వలు ముగ్గురు దిగారు. చుట్టాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

"వీళ్ళెవలు బావా?" అన్నాడు కరుణాకర్ నోరు తెరిచి.

"బరువు" అన్నాడు సేటు.

అవ్వలు నేరుగా బంతిలో కూర్చున్నారు. హనుమండ్లు లడ్డూ తింటూ తిత్తుల మీద చెయ్యి వేసి చూసుకుంటున్నాడు. అప్పుడు సేటుకు గుమ్మం పక్కన కుర్చీలో అత్తగారు బాలలక్ష్మి కనిపించింది. ఇవాళ కొత్తింటికి వచ్చింది తప్పిస్తే, మోకాళ్ళ నొప్పులతో ఆమె ఇంటి అరుగు దిగి చాలా కాలమైంది. ఎవరు ఎక్కడికి తీసుకుపోతామన్నా "నాతోని మీకెందుకు కష్టం" అనడమే. బండి కూర్చున్న తీరును మాత్రం ఆమె కన్నార్పకుండా చూస్తోంది.

సేటు దగ్గరికెళ్ళి వంగాడు. "అత్తమ్మా, గోదారిదాక పోయొద్దామా?"

"నాతోని నీకెందుకు కష్టం అల్లుడా."

సేటు హనుమండ్లు వైపు చూశాడు. హనుమండ్లు లడ్డూ నమలడం ఆపేసి, ఏమంటాడోనని చూస్తున్నాడు.

"కష్టం గాదత్తమ్మా, నాకే పరేషానుంది. ముందు సీటు ట్రయల్ కాలే. ఎవలన్న కూసుంటే గని తెల్వదు. ఇసుక బస్తాలు పనికిరావట."

బాలలక్ష్మి కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కొంగు సర్దుకుంది.

"సరిపోతదా మరి నా బరువు?" అని అడిగింది.