ఎర్రకోటు ఆయనకిచ్చారు

కరోనా వల్ల ఐర్లండ్‌లో ఎవరి కౌంటీ, అంటే జిల్లా, దాటి వాళ్ళు వెళ్ళొద్దన్న రోజులవి. ములింగార్‌లో మా ఇంట్లో నాదో గది, మా ఆయనదో గది; పొద్దస్తమానం ఇద్దరం లాప్‌టాప్‌ల ముందే. తొమ్మిదేళ్ళ మా అమ్మాయిని స్నేహితుల ఇళ్ళకు కూడా పంపడం లేదు. అందుకే, ఊరి బయట ఒక పాత పొలంలో ఆంగ్లేయుల కాలం నాటి రైతులు, సైనికులు ఎలా బతికారో వేషాలు కట్టి చూపిస్తున్నారని తెలిసి ఒక శనివారం ముగ్గురం వెళ్ళాం.

పదిహేను మందికి మించి రానివ్వలేదు. ఒకతను పారతో బంగాళాదుంపలకు బోదెలు తీస్తున్నాడు. గుడిసె ముందు పాతకాలపు గౌను, మాస్కు వేసుకున్న ఒకావిడ పొడవాటి చెక్క పీపాలో కర్రతో మీగడ చిలుకుతోంది. అరగంటైనా వెన్న పడలేదు. చలికి మీగడ బిగుసుకుపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ్ని అడిగి, చేతులకు శానిటైజర్ రాసుకుని, కాసిని గోరువెచ్చని నీళ్ళు పోసి నేను చిలికాను. కాసేపటికే కర్ర బరువెక్కింది. వెన్న తేలింది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి పక్కనున్న పిల్లతో "దట్స్ మై మామ్" అంది. ఆ ఏడాది మొత్తంలో నేను అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు.

అదంతా నడిపే పెద్దాయన రిటైరైన హిస్టరీ టీచరు. మనుషులు చాలడం లేదని మొదట్లోనే చెప్పాడు. "వచ్చే వారం నుంచి నేనొచ్చి వెన్న తియ్యనా?" అని అడిగాను.

ఆయన మాస్కు సర్దుకున్నాడు. "మీ పని గ్రాండ్. కాకపోతే ఆ రోజుల్లో ఇక్కడి గుడిసెల్లో మీలాంటివాళ్ళు ఉండేవాళ్ళు కాదు కదా. మేం ఉన్నదున్నట్టు చూపించాలి."

నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతలో పెద్దాయన మా ఆయన ఎత్తు, భుజాలు చూశాడు. "మీరు మాత్రం సిపాయిగా బావుంటారు. ఆంగ్లేయుల సైన్యం ఎర్రకోటు ఒకటి ఖాళీగా ఉంది."

"అప్పట్లో ఇండియా సిపాయిలు ఇక్కడికి వచ్చారా?" అన్నాను.

"వచ్చినట్టు లేదు. కానీ జనానికి నచ్చుతుంది."

నేను తిరిగి చూసేసరికి మా ఆయన కోటు తొడుక్కుంటున్నారు.

కారెక్కాక అడిగాను. "ఒక్క మాట అనుండొచ్చుగా ఆ పెద్దాయన్ని?"

"ఏమనమంటావ్? వాళ్ళ షో, వాళ్ళిష్టం. నువ్వు ప్రతిదీ మనసులో పెట్టుకుంటావ్."

"మీ ఎదురుగానేగా అన్నాడు."

ఆయన రేడియో పెట్టారు.

మా అమ్మాయి పోరు పడలేక తర్వాతి శనివారమూ వెళ్ళాను. భూస్వామి పొమ్మన్న కుటుంబం చేత సైనికులు ఇల్లు ఖాళీ చేయించే ఘట్టం అది. మా ఆయన చెక్క తుపాకీ పట్టుకుని లోపలికెళ్ళి, కుండ ఒకటి తెచ్చి బయటికి గిరాటేశారు. వెన్న చిలికే ఆవిడ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. బాగానే నటించింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"మామ్, వై ఈజ్ డాడీ విత్ దెమ్?"

"నాన్ననే అడుగు" అన్నాను.

ఇంటికొచ్చాక అడిగింది. "యాక్టింగే కదరా బంగారం" అని ఆయన నవ్వారు. అది నవ్వలేదు.

మళ్ళీ అన్నీ మూసేసే దాకా ఆయన వారం వారం వెళ్ళారు. నేనూ అమ్మాయీ కాలువ గట్టున నడిచేవాళ్ళం. గోరువెచ్చని నీళ్ళ సంగతి ఆయనే వాళ్ళకు విడమరిచి చెప్పారట, పెద్దాయన భుజం తట్టాడట. ఆ మాట ఆయనే నాతో అన్నారు, అందులో తప్పేమీ తోచకుండా.

తర్వాత షానన్ అనే ఊరికి మారాం. ఆ కోటులో దిగిన ఫోటోను ఆయన హాల్లో తగిలించారు. ఇంటికొచ్చిన తెలుగు కుర్ర ఇంజనీర్లు "ఇదెక్కడ అంకుల్?" అని అడుగుతారు. ఆయన చెప్పే కథలో నేను, అమ్మాయి చూడ్డానికి వెళ్ళినవాళ్ళం, అంతే. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఇప్పుడు ఊరుకుంటున్నాను. ఆ పెద్దాయన మీద కోపం ఎప్పుడో పోయింది. మా ఆయన మీదే పోలేదు.