సర్వర్‌కు భాయ్ పేరు పెట్టినందుకు

మా భాయ్ పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున ఫోన్లో వచ్చింది. గుండెపోటట. అనంతపురంలోని మా పాల డెయిరీ ఆఫీసులో డేటాబేస్ చూసుకునేది ఆయనే. మేనేజరు మొదలు డ్రైవర్ల దాకా అందరికీ ఆయన భాయ్. నాకు ఈ పని నేర్పిన గురువు కూడా. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయినందుకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. అది ఇంకా దిగలేదు.

ఊళ్ళలోని పాల కేంద్రాల నుంచి "సర్వర్ రాలేదు" అని ఫోన్ వస్తే, టీ సాసర్లో పోసుకుంటూ ఆయన ఒకటే అడిగేవాడు. "ఏ పేరుతో పిలిచినావప్పా?" సగం జబ్బులు అక్కడే తేలిపోయేవి. డేటాబేస్‌లో నేనొక టేబుల్‌కు 'కొత్త పాలు' అని పేరు పెడితే, "రేపు ఇంకోటి వస్తే దీన్నేమంటావు? పాత కొత్త పాలా?" అని నవ్వాడు. సర్వర్‌కు దేవుడి పేరు పెడదామని మేనేజరు అడిగినప్పుడు మాత్రం నవ్వలేదు.

"దేవునికి మొక్కుకోండి సార్. మిషన్‌కు డెయిరీ-1 చాలు. అన్ని కేంద్రాల కంప్యూటర్లలో అదే రాసి ఉండాది."

అలాంటి మనిషి పోతే మావాళ్ళు చేసిందేమిటి? సర్వర్‌కు ఆయన పేరే పెట్టారు! ఆదివారం నేను భాయ్ వాళ్ళింట్లో ఉన్నప్పుడు మేనేజరే దగ్గరుండి మార్పించాడు. మిషన్‌కు పూలదండ కూడా వేశారు.

సోమవారం తెల్లవారేసరికి ఫోన్ల మీద ఫోన్లు. కేంద్రాలన్నీ పాత పేరుతోనే పిలుస్తున్నాయి, ఆ పేరుకు పలికే మిషన్ లేదు. కంప్యూటర్లో తూకం ఎక్కందే పాలు దింపుకోరు.

"పాలు ఇరిగిపోతాయప్పా! ఎండ చూడు, ఎట్ల కాస్తాండాదో!" పొద్దెక్కాక పామిడి కేంద్రం చూసే అక్క ఫోన్లో అరిచింది.

"భాయ్ పేరు తియ్యొద్దు, ఇంకేదన్నా దారి చూడు," అంటాడు మేనేజరు. పాత పేరు కూడా దీనిదేనని నెట్‌వర్క్‌లో రాసి చూశాను. పిలిచిన పేరూ పలికిన పేరూ వేరని ప్రోగ్రాం లోపలికి రానివ్వలేదు. మనిషి మీద ప్రేముంటే గోడకు ఫొటో పెట్టుకోవాలి గానీ, నడుస్తున్న మిషన్ మీదా చూపించేది?

దండ తీసి పక్కన పెట్టి కూర్చున్నాను. తెర మీద ఆయన పేరు. ఒక్కో అక్షరమే చెరిపాను. ఈ పని నా చేత చేయించినందుకు మేనేజరునూ భాయ్‌నూ కలిపి తిట్టుకున్నాను. డెయిరీ-1 అని కొట్టి మిషన్‌ను మళ్ళీ ఆన్ చేశాను.

కాసేపటికి పామిడి అక్క ఫోన్ చేసింది. "వచ్చిందప్పా! భాయ్ ఐతే ఎప్పుడో తెప్పిస్తాండె. యాడికి పోయినాడు ఆయప్ప? ఒకసారి ఫోనియ్యి, మాట్లాడల్ల."

కేంద్రాలకు ఆయన పోయిన కబురే పంపలేదని అప్పుడు తెలిసింది. ఫోన్‌ను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను. ఆ గరగర విని ఫోన్ ఆయనకిచ్చాననుకుంది. ఆమె వెనకాల క్యానుల్లో పాలు పోస్తున్న చప్పుడు.

"భాయ్?" అంది సంతోషంగా. "భాయ్, ఉండావా?"